కాలిగోళ్ల పరీక్ష

విశాఖపట్నం నుంచి పొద్దున్నే కదిలే కిరండూల్ పాసింజరులో కిటికీ సీటు దొరకడం మాటలు కాదు. ఆ డిసెంబరు ఉదయం ఎదురెదురు కిటికీలు ఇద్దరు పెద్దవాళ్లకు దక్కాయి. ఒకరు ముప్పై మూడేళ్లు ఆసుపత్రి వార్డుల్లో తిరిగి రిటైరైన నర్సు. భర్త పోయాడు, కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడు, ఒక మోకాలికి ఆపరేషనైంది. రెండోవారు డుంబ్రిగుడ మండలంలో ఆశ్రమ పాఠశాల పిల్లలకు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక సొంత ఊరికే చేరిన కొండదొర మాస్టారు. కొత్తవలస దాటేలోపే పలకరింపులైపోయాయి. ఆవిడ ఒళ్లో ఉన్న స్పైరల్ నోటు పుస్తకం మీద మాస్టారి చూపు పడింది.

అట్ట మీద పెద్దక్షరాలతో ‘ఉండదగ్గవి’ అని రాసి ఉంది. సిస్టరుగారు ఏడాదిగా సీనియర్ లివింగ్ కమ్యూనిటీలు చూసి వస్తున్నారు. హైదరాబాదు శివార్లలో మూడు, కోయంబత్తూరులో రెండు, విశాఖ చుట్టుపక్కల రెండు. ఎనిమిదోదాన్ని చూడటానికి అరకు వెళ్తున్నారు.

“అరకులోనా?” మాస్టారు నవ్వారు. “ఎవరు చెప్పారు మీకు?”

“ఒక బ్రోకరు. సీనియర్ విల్లాలు వస్తున్నాయి, ప్లాటు చూపిస్తానన్నాడు. చల్లగా ఉంటుంది, కాఫీ తోటలుంటాయి, ముసలితనానికి ఇంకేటి కావాలన్నాడు.”

“ఆ ప్లాటు సంగతి బొర్రా స్టేషన్లో చెప్తాను. అది చెప్పడానికి సరైన చోటు అదే. ఈలోగా మీ పుస్తకంలో ఏముందో వినిపించండి.”

“మొదటిది కాలిగోళ్లు.”

“గోళ్లా?”

“అవును మాస్టారూ. చేతిగోళ్లు నలుగురికీ కనిపిస్తాయి కాబట్టి ఎవరో ఒకరు తీస్తారు. కాలిగోళ్లు తీయాలంటే మనిషి కింద కూర్చోవాలి, పాదం ఒళ్లో పెట్టుకోవాలి. ముసలివాళ్ల గోళ్లు కొమ్ముల్లా గట్టిపడతాయి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. ఒక్కొక్కరికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట తీరిక ఉన్న ఆయా ఆ ఇంట్లో ఉందో లేదో గోళ్లే చెప్తాయి. రిసెప్షన్లోని పూలకుండీలు చెప్పవు.”

రెండోది వాసన. వరండాలో ఫినాయిలు ఘాటు మరీ ఎక్కువైతే దాని కింద ఏదో దాస్తున్నారని ఆవిడ అనుమానం. మూడోది వెళ్లే వేళ. చెప్పి వెళ్తే ఏ ఇల్లయినా పెళ్లిచూపులకు ముస్తాబైనట్టే ఉంటుంది. అందుకని చెప్పకుండా, ఆదివారం రాత్రి భోజనాల వేళకు వెళ్తారు. ఎంతమంది కంచాల్లో ఎంత మిగిలిపోయిందో చూస్తారు. నాలుగోది రాత్రి రెండు గంటలు. ‘24 గంటల వైద్యం’ అన్న బోర్డును ఆవిడ నమ్మరు. రాత్రి డ్యూటీలో ఎందరున్నారు, వాళ్లలో సూది వేయడం తెలిసినవాళ్లెవరు అని అడుగుతారు. ఒకచోట ఆవిడే మంచం పక్కన బెల్లు నొక్కి గడియారం చూస్తూ కూర్చున్నారు. పదకొండు నిమిషాలకు మనిషి వచ్చాడు.

“పదకొండు నిమిషాల్లో ఏమవుతుంది?”

“బాత్రూములో పడ్డ మనిషికి చాలా అవుతుంది. ప్రపంచం మొత్తం మీద ప్రమాదాల్లో పోయేవాళ్ల లెక్క తీస్తే రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం పడిపోవడానిదే. అందుకే ఐదోది బాత్రూము తలుపు. బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపుకు అడ్డంగా మనిషి పడిపోతే బయటివాళ్లు తోసి తీయలేరు. నేల జారకూడదు, కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. ర్యాంపు అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు సాగాలి. ఒకచోట మార్బుల్ ర్యాంపు చూశాను. చక్రాల కుర్చీ దాని మీద పిల్లల జారుడుబల్లలా జారింది.”

శృంగవరపుకోట దాటాక ఆవిడ పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్న పేజీ తెరిచారు. అది అగ్రిమెంటు పేజీ. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో రిటైర్‌మెంట్ హోములకు నమూనా మార్గదర్శకాలు తెచ్చింది. కట్టేవాడు, సేవలందించేవాడు, ఇల్లు తీసుకునేవాడు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలంటాయవి. బిల్డరు ఇళ్లన్నీ అమ్ముకుని తన దారిన పోయాక, వంటకూ నర్సుకూ జవాబుదారీ ఎవరన్న గొడవ రాకూడదని ఆ ఏర్పాటు. కాకపోతే అవి నమూనాలే. రాష్ట్రాలు తీసుకుంటేనే వాటికి బలం. సిస్టరుగారు చూసిన ఏడింటిలో రెండిట్లోనే ముగ్గురి సంతకాలున్నాయి.

“దీనికంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. మంచాన పడితే ఉంచుకుంటారా, తీసుకెళ్లిపొమ్మంటారా? నడిచినంత కాలం అందరూ అమ్మా అమ్మా అంటారు. మతిమరుపు ముదిరాక, పక్క తడిపాక, ఎనభయ్యో పడిలో కొడుకుకి ఫోనొస్తుంది. ఆ షరతు అగ్రిమెంటులో చిన్నక్షరాలతో ఉంటుంది. నేను ముందు ఆ చిన్నక్షరాలే చదువుతాను.”

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. బొడ్డవర దాటింది, బండి కొండెక్కుతోంది. తర్వాత నెమ్మదిగా అన్నారు.

“అన్నీ నిజమే సిస్టరుగారూ. కానీ మీ పుస్తకంలో ముసలివాళ్లకు ఇంకొకళ్లు చేసే పనులే ఉన్నాయి. గోళ్లు తీస్తారు, మందులిస్తారు, తిప్పి పడుకోబెడతారు. ముసలివాళ్లు చేసే పని ఒక్కటైనా ఉందా?”

సొరంగం వచ్చింది. పెట్టెలో పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. చీకట్లో ప్రశ్న అలాగే నిలిచిపోయింది.

వెలుగొచ్చాక మాస్టారే అందుకున్నారు. వాళ్ల ఊళ్లో డెబ్బై దాటిన ముసలమ్మలు ఏడెనిమిది మంది ఉన్నారు. చోళ్లు, సామలు, కొర్రలు నూర్చాక వచ్చే ఏడాదికి విత్తనంగా ఏ వెన్ను దాచాలో తేల్చేది వాళ్లే. అడవి దుంపల్లో దేన్ని ఎన్ని నీళ్లు మార్చి ఉడికిస్తే చేదు పోతుందో కోడళ్లకు తెలియదు, అత్తకు తెలుసు. కొండ చీపుళ్లు కట్టడం, అడ్డాకులు కుట్టడం ఎండలో కూర్చుని చేసుకునే పనులు. కొర్ర కొత్త, సామ కొత్త పండుగలకు రోజు పెట్టేది పెద్దలు. సరిహద్దు అవతల కొరాపుట్ గదబల ఊళ్లలో చనిపోయిన పెద్దల పేరున నిలిపిన రాళ్లుంటాయి. ఊరి తగవులు తీర్చేటప్పుడు ఇప్పటి పెద్దలు ఆ రాళ్ల దగ్గరే కూర్చుంటారు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లోనే వాటి గురించి పరిశోధన వ్యాసం రాశాడు.

“మీ విల్లాల్లో ‘యాక్టివిటీ’ అని పెడతారట కదా, పదకొండింటికి తంబోలా? మా ముసలిదాన్ని తంబోలాకు కూర్చోబెడితే, విత్తనాలు ఎవరు ఏరుతున్నారని లేచి వచ్చేస్తుంది.”

“బాగుంది. మరి ఆవిడ కాలు విరిగితే?” సిస్టరుగారి గొంతులో వార్డు డ్యూటీ కరుకుదనం వచ్చింది. “డోలీ కట్టి మోస్తారు. ఇద్దరు మనుషులు, ఒక కర్ర, ఒక దుప్పటి. విరిగిన తుంటి ఎముకతో ఏ వాగు దగ్గర ఎన్నిసార్లు దింపారో ఎవరు లెక్క పెట్టారు? కొండ మీంచి మా వార్డుకొచ్చినవాళ్లను చూశాను. వీపు మీద పుళ్లు, చీము, పురుగులు. పెద్దలకు మీ దగ్గరున్నంత మర్యాద మా దగ్గర లేదన్నది ఒప్పుకుంటాను. కానీ మర్యాదతో పుండు మానదు మాస్టారూ. అభయ్ బంగ్ కమిటీ 2018లో గిరిజన ఆరోగ్యం మీద ఇచ్చిన నివేదిక చూడండి. గిరిజనుల సగటు ఆయుర్దాయం 63.9 ఏళ్లు, మిగతావాళ్లది 67. మీ ఊళ్లో డెబ్బై దాటిన ఆ ఏడెనిమిది మంది మిగిలినవాళ్లు. మిగలనివాళ్లను లెక్కలో వేయకుండా ఊరికి మార్కులేస్తే ఎలాగ?”

మాస్టారు తల ఊపారు. ఆవిడ ఆగలేదు.

“ఇంకో మాట. చిల్లంగి, అదే చేతబడి, పెట్టిందన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన కేసులు మన్యం స్టేషన్లలో ఉన్నాయి. పసిబిడ్డ పోతే వేలు ఎవరి వైపు చూపిస్తారు? ఒంటరిగా ఉన్న ముసలిదాని వైపే.”

“ఉన్నాయి,” అన్నారు మాస్టారు. “కాదనను. నేను బడిలో చేరిన మొదటి ఏడే మా పక్క ఊళ్లో ఒకటి జరిగింది. ఆ ఇంటి పిల్లవాడు నా తరగతిలోనే ఉండేవాడు. మీ కింద ఊళ్లలో చిల్లంగి పేరు పెట్టరు. ఆస్తి రాయించుకుని గేటు బయట వదిలేస్తారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఎందుకు పెట్టాల్సి వచ్చింది? చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని, తర్వాత చూసుకోకపోతే ఆ రాతను రద్దు చేసుకోవచ్చని. కొండ మీదైనా కిందైనా ముసలివాళ్లకు దిక్కు లేనప్పుడు జరిగేది ఇదే.”

చిమిడిపల్లిలో బండి ఆగిపోయింది. ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు ఒకటి కిందికి దిగుతోంది. పెట్టె వెంట పెట్టె, చివరిది కనపడనంత పొడవు. 1960ల్లో ఈ లైను వేసిందే బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపాన్‌కు పంపడానికని మాస్టారు పాఠం చెప్పినట్టు చెప్పారు.

“ఆ జపానే ఇప్పుడు ముసలిదైపోయింది,” అన్నారు సిస్టరుగారు. “నూటికి 29 మంది 65 దాటినవాళ్లే. అక్కడ 2000 నుంచి ముసలివాళ్ల సంరక్షణకు బీమా ఉంది. నలభై నిండినవాళ్లంతా ప్రీమియం కట్టాలి. మనిషికి ఎంత సాయం కావాలో ఏడు మెట్లుగా లెక్క కడతారు. మతిమరుపు వచ్చినవాళ్లను తొమ్మిదిమందికి మించకుండా ఒక ఇంట్లో ఉంచుతారు. కూరలు తరగడం, బట్టలు మడతపెట్టడం చేతనైనంత వరకు వాళ్లనే చేసుకోనిస్తారు.”

“అంటే అక్కడా పని ఉంది!”

“ఉంది. పక్కనే శిక్షణ పొందిన మనిషీ ఉంది.”

గూడ్సు వెళ్లాక కాసేపు అమెరికా సంగతి నడిచింది. 2008 డిసెంబరు నుంచి అక్కడి నర్సింగ్ హోములకు ప్రభుత్వం ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు ఇస్తోంది. తనిఖీలు, సిబ్బంది సంఖ్య, పడక పుండ్ల వంటి కొలతలు కలిపి వేసే మార్కులవి. మొదట్లో సిబ్బంది లెక్కలు హోములు తామే చెప్పుకునేవి, నక్షత్రాలు సులువుగా రాలేవి. 2018 నుంచి జీతాల పట్టీల్లోని గంటలను చూసి లెక్క వేస్తున్నారు. ఇంగ్లండులో తనిఖీ సంస్థ ఐదు ప్రశ్నలతో వెళ్తుంది. భద్రంగా ఉన్నారా, చికిత్స పనిచేస్తోందా, దయ ఉందా, మనిషి అవసరానికి స్పందిస్తున్నారా, నడిపేవాళ్లు సరైనవాళ్లేనా. మన దగ్గర హోటళ్లకు నక్షత్రాలున్నాయి, ముసలివాళ్ల ఇళ్లకు లేవన్నది ఆవిడ ఫిర్యాదు.

“మా ఊళ్లో నక్షత్రాలకు కొదవ లేదు. కరెంటు పోయినప్పుడల్లా చూడొచ్చు,” అన్నారు మాస్టారు. సిస్టరుగారు ఆ ప్రయాణంలో మొదటిసారి గట్టిగా నవ్వారు.

బొర్రా గుహలు స్టేషన్లో సగం పెట్టె ఖాళీ అయింది. కిటికీ దగ్గరకొచ్చిన అమ్మాయి దగ్గర ఉడికించిన వేరుశనగకాయలు కొని, మాస్టారు ప్లాటు కథ మొదలుపెట్టారు.

“ఇక్కడికి దగ్గర్లోనే నిమ్మలపాడు ఉంది. అక్కడి గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో తీర్పొచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదని చెప్పింది. దానికి మూలం 1/70 చట్టం. 1959 నాటి రెగ్యులేషనుకు 1970లో చేసిన సవరణ. ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనలేరు. సాటి గిరిజనేతరుడి దగ్గరైనా కొనలేరు. లీజన్నా, తాకట్టన్నా అంతే. మీ బ్రోకరు ప్లాటు అమ్మలేడు, మీరు కొనలేరు. అడ్వాన్సు ఏమైనా ఇచ్చారా?”

“ఇవ్వలేదు,” అన్నారావిడ. మరో రెండు శనగకాయలు ఒలిచాక, “ఇద్దామనుకుంటున్నాను,” అన్నారు.

పుస్తకంలో ఎనిమిదో పేజీ మీద అడ్డంగా గీత పడింది.

“మాకూ ముసలివాళ్ల ఇల్లు వద్దని కాదు,” అన్నారు మాస్టారు. “2007 చట్టం 19వ సెక్షను ప్రకారం ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం పెట్టొచ్చు. దిక్కులేనివాళ్లు 150 మందికి సరిపడేంత. 2022లో మాకు కొత్త జిల్లా వచ్చింది, పాడేరు కేంద్రం. అక్కడ కట్టారే అనుకోండి. ముంచంగిపుట్టు అవతలి గూడెం నుంచి ఒక పోర్జా ముసలమ్మను తెచ్చి అందులో పెట్టారనుకోండి. ఆవిడకొచ్చింది ఆదివాసీ ఒడియా. పక్క మంచం మీది కోదు ముసలాయన మాట్లాడేది కువి. ఆయా మాట్లాడేది తెలుగు. రాత్రి నెగడు పక్కన పడుకున్న మనిషి ఫ్యాను కింద పడుకోవాలి. పొద్దున చోడి అంబలి తాగే మనిషికి ఇడ్లీ పెడతారు. మీ పుస్తకంలో ఏ మంచం పక్కన ఏ భాష ఉందో అడిగే ప్రశ్న ఉందా?”

లేదు. సిస్టరుగారు కలం తీసి రాసుకున్నారు. హైదరాబాదులో చూసిన ఒక కమ్యూనిటీలో శ్రీకాకుళం నుంచి వచ్చిన ముసలావిడ నెలలుగా ఎవరితోనూ నోరు విప్పడం లేదన్నారు. తన మాటకు పక్కబల్లవాళ్లు నవ్వారట, అందుకని.

కరకవలసలో బండి ఆగకముందే ఆవిడ మరో విషయం ఎత్తారు. “మీ మాటకు సాక్ష్యం నేనే ఇస్తాను. 1976లో అమెరికాలోని కనెటికట్‌లో ఆర్డెన్ హౌస్ అనే నర్సింగ్ హోములో లాంగర్, రోడిన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక అంతస్తు వాళ్లకు మీ గది, మీ రోజు మీ చేతుల్లోనే ఉన్నాయని చెప్పి, తలో మొక్క ఇచ్చి నీళ్లు పోసుకోమన్నారు. ఇంకో అంతస్తు వాళ్లకూ మొక్కలిచ్చారు, కానీ నీళ్లు ఆయాలే పోస్తారన్నారు. కొన్ని వారాలకే మొదటివాళ్లలో హుషారు కనిపించింది. ఏడాదిన్నర తర్వాత చూస్తే చనిపోయినవాళ్లు కూడా వాళ్లలోనే తక్కువ.”

“నేను చెప్పింది అదే కదా!”

“ఆగండి. అంతస్తుకి కొద్దిమందే. ఆ చావుల లెక్కలో గణాంకం పొరపాటు పడిందని తర్వాత రచయితలే సవరించుకున్నారు. తేడా అనుకున్నంత గట్టిదేం కాదు. మొక్క ఇచ్చాం కదా అని నర్సును తీసేయకూడదు.”

“నర్సు ఉంది కదా అని మొక్కను తీసేయకూడదు.”

ఎవరి మాట మీద వాళ్లు గట్టిగా నిలబడ్డట్టే కనిపించినా, శిమిలిగూడ వచ్చేసరికి మాటల్లో ఒక ఇల్లు లేచింది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ చిన్న స్టేషను పక్కన వలిసె చేలు పసుపుపచ్చగా ఉన్నాయి. మాస్టారు ఊహించేది 150 మంచాల భవనం కాదు, నాలుగైదు ఊళ్లకు ఒక పగటి ఇల్లు. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికెళ్లేలా. పొయ్యి, ఎండ పడే అరుగు, చీపుళ్లు కట్టుకునే చోటు, వాళ్ల భాష వచ్చిన ఊరి ఆడపిల్ల. భూమి గిరిజనులదే, నడిపేదీ గిరిజన సంఘమే కాబట్టి 1/70 అడ్డురాదు.

సిస్టరుగారు దానికి కూడా మార్కులు వేయడం మొదలుపెట్టారు. రాత్రి ఎవరు? మంచాన పడ్డవాళ్లు పొద్దున ఎలా వస్తారు? బీపీ మాత్రలు ఎవరు ఇస్తారు, ఏ రిజిస్టరులో రాస్తారు? ఊరి ఆడపిల్లకు పడక పుండు పట్టకుండా రెండు గంటలకోసారి ఎలా తిప్పాలో ఎవరు నేర్పుతారు? కొడుకులు విజయవాడ, చెన్నై పనులకు వలసపోయిన ఇళ్లలో పింఛను 4,000 వస్తుంది, అది కట్ట విప్పకుండా అలాగే ఉంటుంది. మంచానపడ్డవాళ్లకు 15,000 వరకు వస్తుంది. డబ్బు అందుతోంది కానీ గంజి కాచే చెయ్యి లేదు.

“ఊళ్లల్లో నేర్పడానికి మీలాంటివాళ్లు రావాలి,” అన్నారు మాస్టారు.

“ప్లాటు లేదన్నారుగా?”

“ప్లాటు లేదు. అతిథిగా గది ఉంది.”

ఆవిడ దానికి జవాబివ్వకుండా వేరే దారి పట్టారు. 2025 ఏప్రిల్లో రాష్ట్ర ఉపముఖ్యమంత్రి డుంబ్రిగుడ మండలం పెదపాడులో గిరిజన గూడేల రోడ్ల పనులకు ‘అడవితల్లి బాట’ మొదలుపెట్టడానికి వచ్చారు. చెప్పుల్లేకుండా నడుస్తున్న ఒక ముసలమ్మను చూశారు. తర్వాత ఊరంతటికీ చెప్పులు పంపించారు.

“పేపర్లో చదివి నేనేమనుకున్నానో తెలుసా?” అన్నారు సిస్టరుగారు. “చెప్పులు పంపారు, మంచిదే. ఆ పాదాలను ఒక్కసారి ఎవరైనా చేత్తో పట్టుకుని చూశారా? మడమ పగుళ్లున్నాయా, షుగరుందా, స్పర్శ ఉందా? స్పర్శ లేని పాదానికి కొత్త చెప్పు రాస్తే పుండు పడుతుంది.”

“రోడ్డు పడితే చూసేవాళ్లు వస్తారు.”

“వస్తారు, కిందికి పోయేవాళ్లూ పోతారు.”

అరకు ప్లాట్‌ఫారం మీద చలి ఎండ పరుచుకుని ఉంది. మాస్టారు చేతిసంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగబోయి ఆగారు. ఆవిడ మోకాలు చూసి చెయ్యి అందించారు. దిగాక ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మాస్టారి కాళ్లకు హవాయి చెప్పులున్నాయి. సిస్టరుగారి చూపు అటే పోయింది. గోళ్లు పొట్టిగా, గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి.

“ఎవరు తీస్తారు?”

“మనవరాలు. పదేళ్లది. తీస్తున్నంతసేపూ ఎక్కాలు అప్పజెప్పించుకుంటాను. పదమూడో ఎక్కం దగ్గర బొటనవేలు అయిపోతుంది.” మాస్టారు ఆవిడ కాళ్లవైపు చూశారు. చలికి మేజోళ్లు, పైన స్పోర్ట్స్ షూస్. “మీవి?”

ఆపరేషనైన మోకాలు ఆవిడ చేతిని పాదం దాకా చేరనివ్వక రెండేళ్లయింది.

“బీచ్ రోడ్డులో పార్లరుంది,” అన్నారు సిస్టరుగారు. “నెలకోసారి. ఐదొందలు తీసుకుంటుంది.”